పెద్దత్త సరే అన్న స్వెట్టరు

మా తోటికోడలికి తెలియని విషయం ఒకటుందని ఆవిడ నోటివెంట నేనెన్నడూ వినలేదు. వంటింట్లో కుళాయి ఎందుకు కారుతోందో ఆవిడకు తెలుసు. పక్కవాటా మొగుడూ పెళ్ళాలు దేనికి పోట్లాడుకుంటున్నారో తెలుసు. ఒకసారి ఎవరో దారి అడిగితే చెయ్యి చాపి మరీ చూపించింది. కాసేపటికి ఆ మనిషి చెమటలు కక్కుతూ అదే దారిన వెనక్కి వస్తుంటే, "అటూ వెళ్ళచ్చు, కాకపోతే చుట్టు" అంది. నాకంటే పెద్దది కాబట్టి అక్కా అంటాను గానీ, కొన్నిసార్లు ఆ పిలుపు పళ్ళు కొరుక్కుంటూనే బయటికొస్తుంది.

ఇది పుట్టుకతో వచ్చిన బుద్ధి అనను. ఆవిడ ఉద్యోగం అలాంటిది. పెద్దాసుపత్రిలో టెలిఫోన్ ఆపరేటరుగా పనిచేసింది. ఫోను చేసినవాళ్ళతో 'తెలియదు' అనకూడదని అక్కడ నియమం. అవతలివాళ్ళు ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని చేస్తారు కదా. 'లైన్లో ఉండండి' అనాలి, ఈలోగా తెలిసినవాళ్ళనెవరినైనా పట్టుకోవాలి. పెళ్ళయిన కొత్తలో ఆ కుర్చీలో కూర్చుని, జుట్టు నెరిశాక లేచిన మనిషి ఆ మాట అనడం మరిచిపోయిందంటే వింతేముంది?

అల్లిక కూడా అక్కడే అబ్బింది. పక్క కుర్చీ ఆవిడ కాల్‌కూ కాల్‌కూ మధ్య ఊలు అల్లుకునేదట. మా అక్క ఆవిడ చేతులు చూసి నేర్చుకుంది, అడిగి కాదు. అల్లిన వస్తువేదైనా చేతికిస్తే ఇటు తిప్పి అటు తిప్పి, వెలుతురుకు పట్టి, లోపలికి వేలు పోనిచ్చి చూస్తుంది. తర్వాత కూర్చుని అచ్చం అలాంటిదే అల్లేస్తుంది. కాగితం మీద రాసింది చూసి అల్లడం మాత్రం రాదు. ఈ సంగతి ఇప్పుడు ధీమాగా చెబుతున్నాను గానీ అప్పట్లో ఒకే ఇంట్లో ఉన్న నాకే తెలియదు. నాకసలు సూది పట్టుకోవడమే రాదు.

ఆసుపత్రికి కొత్త మెషిన్లు వచ్చి ఆపరేటర్లను ఇంటికి పంపేశాక మా ఇల్లు ఊలుతో నిండిపోయింది. కుర్చీల కాళ్ళకు మేజోళ్ళు వచ్చాయి. ఫ్లాస్కుకు కోటు, రేడియోకు దుప్పటి. ఎక్కువసేపు కదలకుండా కూర్చుంటే తనకూ ఏదో ఒకటి తొడిగేస్తుందని భయపడి మా బావగారు సాయంత్రాలు నడకకు పోవడం మొదలుపెట్టారు. మేమందరం నవ్వుకునేవాళ్ళం. ఆవిడ మాత్రం తలవంచుకుని అల్లుతూనే ఉండేది.

ఆ రోజుల్లోనే ఆవిడను సిటీబస్సు డ్రైవరు ఒకతను కనిపెట్టాడు. కుర్రవాడు. చివరి స్టాపులో బస్సు ఆపుకుని, స్టీరింగు మీద మోచేతులు ఆనించి సాక్సులు అల్లుతుంటాడు. సీట్లో కూర్చుని చకచకా అల్లుతున్న మా అక్కను అద్దంలో చూసి, దిగేటప్పుడు ఆపాడు. "అమ్మా, శనివారం సాయంత్రాలు మేం కొంతమందిమి కలిసి అల్లుకుంటాం. మీలాంటివాళ్ళు వస్తే మాకు పండగే" అన్నాడు. ఇంటికొచ్చి ఆ ముక్క నాకు నాలుగు రకాలుగా చెప్పింది. ఒంటరిగా వెళ్ళడానికి బెరుకు. పైకి మాత్రం, "నీకూ కాస్త కాలక్షేపమవుతుంది, రావే" అని నన్ను వెంటబెట్టుకెళ్ళింది.

ఫొటోకాపీ దుకాణం మేడమీద గది అది. కింద మెషిను ఆడినప్పుడల్లా నేల సన్నగా వణికేది. పాత సోఫా ఒకటి, రకరకాల కుర్చీలు, మధ్యలో బల్ల నిండా రంగురంగుల ఊలు ఉండలు. అల్లేవాళ్ళంతా ఇరవైల్లో, ముప్ఫైల్లో ఉన్నవాళ్ళే. మాకు తెలిసిన పొడుగు సూదులు అక్కడ లేవు. ప్లాస్టిక్ తీగతో కలిపిన పొట్టి సూదుల జత మీద గుండ్రంగా అల్లేస్తున్నారు. ప్రతివాళ్ళ పక్కనా ఫోను, దాంట్లో గళ్ళ కాగితంలాంటి బొమ్మ. నల్ల గడి అంటే ఒక కుట్టు, తెల్ల గడి అంటే ఇంకొకటి, గీత ఉంటే రెండు కుట్లు కలిపేయాలి. దాన్ని చార్టు అంటారు. దాంతోపాటు వరస వరసకూ ఏం చెయ్యాలో, ఏ సైజుకు ఎన్ని కుట్లో రాసి ఉంచినదంతా కలిపి ప్యాటర్న్.

అలాంటి ప్యాటర్న్లు సొంతంగా తయారుచేసే అమ్మాయి ఆ గుంపులో ఉంది. పగలు టైల్స్ కంపెనీలో గచ్చు డిజైన్లు గీస్తుంది కాబట్టి అందరూ టైల్స్ పిల్ల అనేవారు. ఆ పిల్లే మా అక్కను కూర్చోబెట్టి, "మీరు చార్టు చూసి అల్లుతారా, రాసిన వరసలు కావాలా?" అని అడిగింది.

"ఏదైనా ఒకటేనమ్మా" అంది మా అక్క.

ఆ ఒక్క మాటతో అంతా మొదలైంది. అది అబద్ధమని కూడా ఆవిడకు అనిపించి ఉండదు. లైన్లో ఉండమన్నట్టే ఉండి ఉంటుంది.

కొద్ది వారాల్లోనే ఆవిడ ఆ గదికి పెద్దత్త అయిపోయింది. ఎవరిదైనా కుట్టు జారిపోతే పెద్దత్త. ఊలు చిక్కుపడితే పెద్దత్త. కొత్త షాలు ఏదైనా మొదలుపెట్టాల్సి వస్తే, ముందే అల్లినవాళ్ళ దాన్ని, "ఏదీ, ఇలా ఇవ్వు" అని తీసుకుని చేతుల్లో తిప్పేది. వెలుతురుకు పట్టేది. అందరూ ఆవిడ పనితనం మెచ్చుకుంటోందనుకునేవారు. ఇంట్లో మా అందరి నవ్వులపాలైన మనిషి అక్కడ కుర్చీలో కూర్చుంటే ఆ దర్జా చూసి తీరాలి. శనివారం పొద్దున్నుంచే చీర ఎంచుకునేది. ఆవిడ మొహంలో ఆ వెలుగు చూశాక నేను కుర్చీకాళ్ళ మేజోళ్ళ గురించి జోకులు మానేశాను.

అప్పుడే టైల్స్ పిల్ల తన మొట్టమొదటి స్వెట్టరు ప్యాటర్న్ రాసింది. మెడ దగ్గర మొదలుపెట్టి కిందికి అల్లుకుంటూ పోయే స్వెట్టరు, భుజాల చుట్టూ అలల డిజైను. తన కొలతకు ఒకటి అల్లుకుని తొడుక్కునే వచ్చింది. ఇంటర్నెట్‌లో అన్ని దేశాలవాళ్ళూ కొనుక్కునే చోట పెడుతుందట. పెట్టేముందు నలుగురు తలో సైజు తీసుకుని, రాసింది రాసినట్టు అల్లి చూడాలి. తప్పుంటే అక్కడే బయటపడుతుంది. దాన్ని టెస్ట్ నిట్టింగ్ అంటారు. అన్నిటికంటే పెద్ద సైజు ఎవరు అల్లుతారన్నప్పుడు అందరి చూపులూ పెద్దత్త మీదికి వెళ్ళాయి.

"మీరు సరే అంటే ఇంక నాకు బెంగ లేదు పెద్దత్తా" అంది పిల్ల, కాగితాలు చేతిలో పెడుతూ.

ఆ సైజు నాది. దేవుడు నాకు ఒళ్ళు ధారాళంగానే ఇచ్చాడు, దాచుకోవాల్సిందేమీ లేదు. కాబట్టి ఇంట్లో నేను కొలబద్దనయ్యాను. కూర తరుగుతుంటే, "ఏమే, చెయ్యి చాపు." బట్టలు మడతపెడుతుంటే, "ఏమే, ఇటు తిరుగు." కాగితాలు ఆవిడ ఒళ్ళో ఉండేవి. మొదటి పేజీ తిప్పినట్టు నేను చూడలేదు. కంఠతా పట్టేసిందనుకున్నాను. నిజానికి ఆవిడ టైల్స్ పిల్ల ఒంటిమీదున్న స్వెట్టరు చూసి వచ్చి, దాన్ని నా ఒంటికి తగ్గట్టు అల్లుతోంది.

స్వెట్టరు మాత్రం అద్భుతంగా కుదిరింది. అది తొడుక్కుని శనివారం మేడమెట్లు ఎక్కితే గదిలో అందరూ లేచి చప్పట్లు కొట్టారు. టైల్స్ పిల్ల నా చుట్టూ తిరిగి చూసుకుని, "ఎక్కడైనా ఇబ్బందైందా పెద్దత్తా? లెక్కలు తేడా వచ్చాయా?" అంది.

"నువ్వు రాసింది రాసినట్టే అల్లాను. ఒక్క తప్పు లేదు" అంది మా అక్క.

ఆ రోజు నా దగ్గరికి గుంపులోని నర్సమ్మాయి వచ్చింది. ఏదో క్లినిక్కులో పని, మాట తక్కువ, నాలాగే బొద్దుమనిషి. నా చేతిమీద స్వెట్టరును రెండు వేళ్ళతో పట్టుకుని చూసి, "ఎంత బాగా కూర్చుందండీ" అంది. దుకాణాల్లో తన సైజు దొరకదట. ఎప్పుడూ మగవాళ్ళ అరల్లో వెతుక్కోవాలట. అసలు అల్లిక నేర్చుకున్నదే అందుకట, ఒక్క బట్టయినా తన ఒంటికి సరిగ్గా పట్టేది తొడుక్కోవాలని. ఆ వారమే నీలం ఊలు తెచ్చుకుని అదే ప్యాటర్న్, అదే సైజు మొదలుపెట్టింది.

ప్యాటర్న్ బయటికొచ్చింది. జనం కొనుక్కున్నారు. టైల్స్ పిల్ల కాళ్ళు నేలమీద ఆనలేదు. కొన్నాళ్ళకు ఒక శనివారం ఆ పిల్ల ఫోను చూసి మొహం చిట్లించింది. "ఎవరో రాశారు. పెద్ద సైజులో చెయ్యి ఇరుకైపోతోందట, మోచెయ్యి దాటడం లేదట. పెద్దత్తా, మీకేమైనా అలా...?"

గది మొత్తం ఆవిడ వైపు తిరిగింది. నేనూ తిరిగాను. అక్క సూదులు ఆగలేదు గానీ మొహంలో రంగు మారింది. నా కళ్ళారా చూశాను. అక్కడ నిజం చెప్పి ఉంటే ఒక్కమనిషితో పోయేది.

"నాకు బాగానే వచ్చిందిగా, ఇదిగో ఈవిడ వేసుకునే ఉంది. వాళ్ళ చెయ్యి బిగువై ఉంటుంది. బిగించి అల్లేవాళ్ళకు అంతే, ఇరుకు కాక ఏమవుతుంది? లేదంటే కొలత చూసుకోకుండా మొదలుపెట్టి ఉంటారు. మనిషి ఎంతుందో మనిషికి తెలియాలి కదా" అని నవ్వింది.

అందరూ నవ్వారు. నేనూ నవ్వానేమో గుర్తులేదు. గుర్తున్నదల్లా నర్సమ్మాయి. ఒళ్ళో ఉన్న నీలం అల్లికను, చేతి దాకా వచ్చిన స్వెట్టరును, నెమ్మదిగా మడిచి సంచిలో పెట్టేసుకుంది. నా స్వెట్టరు చేతుల వంక ఒకసారి, తన చేతుల వంక ఒకసారి చూసుకుంది. తర్వాతి శనివారం రాలేదు. ఆ తర్వాతా రాలేదు.

డ్యూటీలు మారి ఉంటాయన్నాడు డ్రైవరు. ఇంట్లో అక్క అల్లడం తగ్గిపోయింది. సూదులు పట్టుకుని కూర్చునేది, ఊరికే కిటికీలోంచి చూసేది. "ఒంట్లో బాగాలేదా?" అంటే, "నాకేం, రాయిలా ఉన్నాను" అని కసిరేది. ఆవిడ లోపల ఏదో నలుగుతోందని తెలిసినా నేను కదపలేదు. కదిపితే దారి చూపించినట్టే ఇంకో చుట్టుదారి చూపిస్తుంది.

ఫిర్యాదులు ఒకటొకటిగా మొదలై వానలా వచ్చిపడ్డాయి. ఒకావిడ తన మోచేతి కింద ఇరుక్కుపోయిన స్వెట్టరు చేతిని ఫొటో తీసి పెట్టింది. దానికింద ముక్కూమొహం తెలియనివాళ్ళు ఆవిడ లావు గురించి రాసిన మాటలు చదివితే నా ఒళ్ళు మండిపోయింది. అందరికీ ఒకటే జవాబు ఇచ్చుకుంటూ వచ్చింది టైల్స్ పిల్ల. మా దగ్గర అనుభవమున్నావిడ అల్లి చూశారు, మీ చెయ్యి బిగువేమో చూసుకోండి, అని. చివరికి తనకే అనుమానం వచ్చి తనే సూదులు పట్టుకుని పెద్ద సైజు చెయ్యి ఒకటి అల్లి చూసుకుంది. శనివారం ఆ చేతిని తెచ్చి బల్లమీద పెట్టింది. చిన్నపిల్ల మేజోడులా ఉంది.

"చేతికి కుట్లు తగ్గించే లెక్క చిన్న సైజుది పెద్ద సైజులో ఎక్కించేశాను. తప్పు నాది." అల్లిన చేతిని మా అక్క ముందుకు జరిపింది. "కానీ పెద్దత్తా, ఇది రాసినట్టు అల్లితే ఎవరికైనా ఇలాగే వస్తుంది. మీకెలా వచ్చింది?"

మా అక్క నీళ్ళ సీసా తీసింది, మూత తిప్పింది, మళ్ళీ పెట్టేసింది. కింద ఫొటోకాపీ మెషిను ఆగింది.

"నాకు చార్టు చదవడం రాదమ్మా" అంది. "ఏ ప్యాటర్నూ చదవడం రాదు. నీ ఒంటిమీద చూసి అల్లేశాను. ఈవిడ చెయ్యి కొలుచుకున్నాను."

తల తీసేసినట్టయింది నాకే. ఆవిడకెలా ఉందో మరి. అప్పుడు డ్రైవరు నోరు వెళ్ళబెట్టి, "ఏంటీ, ఉత్తినే చూసి అల్లేశారా? అలలన్నీనా?" అన్నాడు. ఇంకెవరో, "అమ్మో పెద్దత్తా!" అన్నారు. నా స్వెట్టరు విప్పించి ఒకరి చేతిలోంచి ఒకరు లాక్కుని చూడడం మొదలుపెట్టారు. మేం చార్టు పట్టుకుని కూడా తప్పులు చేస్తాం, మీకు అదేం కళ్ళండీ, అన్నారు. పెద్దవాళ్ళని చిన్నబుచ్చకూడదన్న మంచితనం కూడా అందులో ఉందేమో. మా అక్క ముందు బిత్తరపోయింది. తర్వాత, చెప్పడానికి నాకే సిగ్గుగా ఉంది, కొంచెం నవ్వింది. ఒకరికి వేళ్ళు ఎలా పోనిచ్చి చూడాలో చూపించడం కూడా మొదలుపెట్టింది.

టైల్స్ పిల్ల మాత్రం నవ్వలేదు. "మీ మాట పట్టుకుని నేను వాళ్ళందరికీ తప్పు వాళ్ళదేనని రాశాను పెద్దత్తా" అని, తన కాగితాలు తీసుకుని ఇంటికి వెళ్ళిపోయింది. లెక్క సరిచేసి అందరికీ మళ్ళీ పంపించాలి కదా.

దారిలో మా అక్క నడక తేలికపడింది. "చూశావా, చెప్పేస్తే పోయింది. పిల్లలు బంగారాలు" అంది.

నాకు ఒళ్ళు మండింది. రోడ్డు మధ్యలో ఆగిపోయాను. "నర్సమ్మాయికి ఎవరు చెబుతారక్కా?"

ఆవిడ కూడా ఆగింది. తెలియనట్టు నటిస్తుందేమో అనుకున్నాను. నటించలేదు. "ఆ పిల్ల సంచిలో పెట్టేసుకోవడం నేను చూశానే" అంది. "ఆ రోజే చూశాను."

అడ్రసు డ్రైవరునడిగి, మర్నాడు మధ్యాహ్నం వెళ్ళాం. మూడంతస్తుల మీద ఒంటిగది. మెట్లెక్కేసరికి నాకు ఊపిరాడలేదు. తలుపు తీసిన పిల్లను చూసి ఒక్కక్షణం ఇల్లు తప్పొచ్చామేమో అనుకున్నాను. బుగ్గలు జారిపోయాయి, మెడ దగ్గర ఎముకలు కనిపిస్తున్నాయి. మమ్మల్ని చూసి గాబరాగా మంచం మీది బట్టలు తీసి కూర్చోమంది. కుర్చీ వెనక నీలం స్వెట్టరు వేలాడుతోంది, ఒళ్ళంతా పూర్తయింది, చేతులు లేవు. పక్కన పళ్ళెంలో ఊలు. ఎన్నిసార్లు అల్లి విప్పిందో, ఆ దారమంతా ఉంగరాలు తిరిగిపోయి ఉంది.

మా అక్క ముందురోజు మేడమీద చెల్లుబాటైన గొంతుతోనే మొదలుపెట్టింది. "ఓ తమాషా జరిగిందమ్మా..." అని. చార్టు రాకపోవడం, చూసి అల్లేయడం, లెక్క తప్పు, అన్నీ చెప్పింది. చెబుతూ చెబుతూ ఉండగా గొంతు దానంతటదే సన్నగిల్లింది. నర్సమ్మాయి రోగి చెప్పేది వినే నర్సులా మధ్యలో మాట్లాడకుండా విన్నది.

"అంటే తప్పు ప్యాటర్న్‌లోనా?" అంది చివరికి.

"అవునమ్మా."

"నా చేతులది కాదా?"

"కాదమ్మా. కానే కాదు."

ఆ పిల్ల తన చెయ్యి మణికట్టు నుంచి భుజం దాకా నిమురుకుంది. "మీరు మనిషి ఎంతుందో మనిషికి తెలియాలన్నారు కదా పెద్దత్తా. ఈవిడా నేనూ ఒకటే సైజనుకున్నాను. ఈవిడకు పట్టింది, నాకు పట్టలేదు. నాకే చేతులు మరీ లావనుకున్నాను. ఆ రోజునుంచి రాత్రి భోజనం మానేశాను. ఈమధ్య పగలు కూడా సగమే. మళ్ళీ విప్పి అల్లేలోగా కాస్త తగ్గితే చెయ్యి పడుతుందని." కోపమేమీ లేదు ఆ మాటల్లో. అదే భరించలేకపోయాను. "నిన్న డ్యూటీలో కళ్ళు తిరిగి పడిపోయాను కూడా."

మా అక్క రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని వాటివంకే చూస్తూ కూర్చుంది. నా ఒంటిమీద ఆ స్వెట్టరే ఉంది. విప్పి అవతల పారేయాలనిపించింది.

నర్సమ్మాయే అడిగింది. "అక్కడ అందరికీ చెప్పారా పెద్దత్తా? మీకు చదవడం రాదని?"

"చెప్పానమ్మా."

"పాపం, ఏమన్నారు మిమ్మల్ని?"

ఆ పిల్ల జాలిపడుతోంది, మా అక్క మీద! మా అక్క తలెత్తి ఆ పిల్ల మెడ దగ్గరి ఎముకల వంక చూసింది.

"మెచ్చుకున్నారమ్మా" అంది.

అని, మొహం చేతుల్లో దాచేసుకుంది. నర్సమ్మాయి పర్వాలేదంటుందేమోనని నేను చూశాను. ఆ పిల్ల అనలేదు. అనమని అడిగే ముఖం మాకూ లేదు.